లైబ్రరీ దొరకలేదంటే, ఎవరికి దొరకలేదో ముందు చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల నుంచి రోజూ రాత్రి వచ్చే మిర్చి లాట్ల డేటాను ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్‌తో (డేటాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే సాఫ్ట్‌వేర్) లోడ్ చేస్తున్నారు. టిక్కీల (మిర్చి బస్తాల) బరువులో తరుగు లెక్కకట్టే పనిని ఎప్పుడో సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఒక ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్ (పవర్‌సెంటర్ బయట రాసి, లైబ్రరీ ఫైలుగా దానికి తగిలించే కోడ్) చేస్తోంది. విండోస్ సర్వర్ మీద అది ఏళ్ల తరబడి నడిచింది. పోయిన వారం సర్వర్‌ను రెడ్‌హ్యాట్ లినక్స్ 8కి మార్చారు. మీ ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు 22.04లో కోడ్‌ను మళ్లీ కంపైల్ చేసి, వచ్చిన ఫైలును సర్వర్‌లో పెట్టారు. మ్యాపింగ్ (డేటా ఎలా మారి ఎటు వెళ్లాలో చెప్పే పటం) వ్యాలిడ్ అంటోంది, సెషన్ (ఆ మ్యాపింగ్‌ను నడిపే పని) మాత్రం మొదలవగానే లైబ్రరీ లోడ్ కాలేదని పడిపోతోంది. కోడ్ రాసినాయన ఉద్యోగం మానేశారు. యార్డులో సీజన్ నడుస్తోంది, పొద్దున్నే మేనేజరుకి రిపోర్టు కావాలి.

టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ ఆ సీ ప్లస్ ప్లస్ కోడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇలాంటివి నేను చాలా చూశాను. కోడ్‌లో తప్పుండి సెషన్ మొదటి నిమిషంలోనే పడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ ఒకటే కథ: మనం చూస్తున్న చోటు వేరు, సర్వర్ వెతుకుతున్న చోటు వేరు.

ఆటోనగర్ గుంటూరులోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. "ఆటోనగర్‌లో ఉన్నా, వచ్చెయ్" అని మీరు గుంటూరు నుంచి ఫోన్ చేస్తే నేను బెంజి సర్కిల్ దాటి మా ఆటోనగర్‌కే వెళతాను. డిజైనర్‌లో (మ్యాపింగ్‌లు గీసే పవర్‌సెంటర్ ప్రోగ్రామ్) మీరు నింపే పాత్ కూడా అలాంటిదే. డిజైనర్ ఉండేది మీ ల్యాప్‌టాప్ మీద. ఆ పాత్ పట్టుకుని వెతకబోయేది ఇంటిగ్రేషన్ సర్వీసు (సెషన్లను నడిపే పవర్‌సెంటర్ సర్వీసు) నడుస్తున్న మిషన్. వ్యాలిడేట్ నొక్కితే డిజైనర్ పోర్టులు, లింకులు, డేటా టైపులు చూస్తుంది గానీ, సర్వర్ దాకా వెళ్లి ఆ ఫైలు ఉందో లేదో చూసి రాదు. మ్యాపింగ్ వ్యాలిడ్ అవడం, సెషన్ ఫెయిలవడం రెండూ ఒకేసారి జరిగేది అందుకే.

అన్నిటికంటే ముందు ట్రాన్స్‌ఫర్మేషన్ ప్రాపర్టీస్‌లో 'టైప్' అన్న గడిలో ఏముందో చూడండి. అక్కడ రెండే ఉంటాయి: కామ్, ఇన్ఫర్మాటికా. కామ్ అని ఉంటే మిగతా జవాబంతా చదవనక్కర్లేదు. కామ్ అనేది విండోస్ సొత్తు, లినక్స్ మీద నడవదు. మళ్లీ రాసుకోవడం ఒక్కటే దారి. మీరు మేక్‌ఫైలుతో కంపైల్ చేశామన్నారు కాబట్టి ఇన్ఫర్మాటికా టైపే అయ్యుంటుందని అనుకుని ముందుకు వెళుతున్నాను. (కమాండ్ల పేర్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు.)

తర్వాత పేర్లు. మాడ్యూల్ గడిలో ఉండాల్సింది అసలు పేరు ఒక్కటే. ముందు 'లిబ్' గానీ చివర 'డాట్ ఎస్ఓ' గానీ రాయకూడదు, అవి సర్వరే తగిలించుకుంటుంది. మాడ్యూల్ పేరు 'తరుగు' అనుకోండి. విండోస్‌లో అది తరుగు డాట్ డీఎల్ఎల్ కోసం వెతికేది. లినక్స్‌లో లిబ్‌తరుగు డాట్ ఎస్ఓ కోసం వెతుకుతుంది. పైగా విండోస్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు, లినక్స్‌కి పడుతుంది. మాడ్యూల్ గడిలో మొదటి అక్షరం పెద్దదిగా ఉండి, ఫైలు పేరు మొత్తం చిన్నక్షరాల్లో ఉంటే, లినక్స్ లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు. ఇన్నేళ్లూ విండోస్ ఆ తేడాను కడుపులో పెట్టుకుంది, అంతే. ప్రొసీజర్ పేరు గడికీ ఇదే జాగ్రత్త.

రన్‌టైమ్ లొకేషన్ గడిలో ఫోల్డర్ మాత్రమే ఉండాలి, ఫైలు పేరు కాదు. మామూలుగా అక్కడ డాలర్ గుర్తుతో మొదలయ్యే పీఎమ్‌ఎక్స్‌ట్‌ప్రాక్‌డిర్ అనే వేరియబుల్ ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ టూల్‌లో వేరే ఏమీ మార్చకపోతే అది సర్వర్ రూట్ డైరెక్టరీ కింద ఎక్స్‌ట్‌ప్రాక్ ఫోల్డర్‌ను చూపిస్తుంది. దాన్ని అలాగే ఉంచేసి, ఫైలును ఆ ఫోల్డర్‌లో పడేయడం నా అలవాటు. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు సర్వర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను నమ్ముకుంటుంది. విండోస్‌లో అది పాత్, లినక్స్‌లో ఎల్‌డీ లైబ్రరీ పాత్ (ఇది మాత్రం అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్). మీ పాత సర్వర్‌లో ఈ గడి ఖాళీగా ఉండి ఉంటే, ఫైలు పాత్‌లో ఎక్కడో ఉండి ఏళ్లపాటు ఎవరికీ తెలియకుండా పని జరిగిపోయి ఉంటుంది. గ్రిడ్ (పనిని పంచుకునే కొన్ని మిషన్ల గుంపు, ఒక్కో మిషన్ ఒక నోడ్) మీద నడుపుతుంటే మాత్రం ప్రతి నోడ్‌లోనూ ఫైలు ఉండాలి, లేదా అన్ని నోడ్‌లకూ కనిపించే ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో ఉండాలి. ఒక రోజు నడిచి ఒక రోజు పడిపోతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లోడ్ కాకపోవచ్చు. మీ కేసులో నా అనుమానం అసలు ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మీ లైబ్రరీ ఒంటరిది కాదు. దానికి కావాల్సిన ఇంకొన్ని లైబ్రరీలు ఉంటాయి: సీ లైబ్రరీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, ఒక్కోసారి పాతాయన రాసుకున్న చిల్లర లైబ్రరీలు కూడా. రన్‌టైమ్ లొకేషన్ ఉపయోగపడేది మీ ఫైలును కనుక్కోవడానికే. దాని వెనకాల వచ్చే వాటిని వెతికేది పవర్‌సెంటర్ కాదు, లినక్స్ లోడర్. అది మీ రన్‌టైమ్ లొకేషన్ వైపు చూడనే చూడదు. ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను, సిస్టమ్ ఫోల్డర్లను, కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీ లోపలే రాసి పెట్టిన దారి ఏమైనా ఉంటే దాన్ని చూస్తుంది. కాబట్టి లాగ్‌లో 'ఫైలు లేదు' అని వస్తే ఏ ఫైలు లేదంటోందో పేరు పూర్తిగా చదవండి. చాలాసార్లు అది మీరు పెట్టిన ఫైలు కాదు, దానికి కావాల్సిన ఇంకో ఫైలు. కళ్లెదుట ఫైలు ఉంటే లేదంటుందేమిటని రాత్రంతా జుట్టు పీక్కున్నవాళ్లను చూశాను. ఒకప్పుడు నేనూ పీక్కున్నాను.

దీనికి మందు ఎల్‌డీడీ అనే కమాండ్. సర్వర్ మీద, మీ లైబ్రరీ పేరు ఇచ్చి కొడితే దానికి కావాల్సిన వాటి జాబితా, ఒక్కొక్కటి ఎక్కడ దొరికిందో చూపిస్తుంది. ఎక్కడైనా 'నాట్ ఫౌండ్' అని కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మీకు బహుశా దానితోపాటు గ్లిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) వెర్షన్ గురించి ఒక లైన్ వస్తుంది. ఎందుకంటే ఉబుంటు 22.04లో ఉండేది గ్లిబ్‌సీ 2.35. రెడ్‌హ్యాట్ 8లో ఉండేది 2.28. పాత గ్లిబ్‌సీ మీద కట్టిన లైబ్రరీ కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. పరిష్కారం తేలికే. సర్వర్ మీదే, లేదా అదే రెడ్‌హ్యాట్ 8 ఉన్న డెవలప్‌మెంట్ మిషన్ మీద మళ్లీ కంపైల్ చేయండి. సర్వర్‌లో గ్లిబ్‌సీని అప్‌గ్రేడ్ చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టి పంపించేయండి. ఆ మిషన్‌లో లాగిన్ దగ్గర్నుంచి అన్నీ దాని మీదే ఆధారపడి నడుస్తాయి.

కంపైల్ చేసేటప్పుడే ఇంకో రెండు చూసుకోండి. ఒకటి, సర్వర్ ప్రాసెస్ 64 బిట్ అయితే లైబ్రరీ కూడా 64 బిట్టే కావాలి. 'ఫైల్' అనే కమాండ్ కొడితే 32 బిట్టో 64 బిట్టో చెప్పేస్తుంది. పాత మేక్‌ఫైళ్లలో 32 బిట్ ఆప్షన్ మిగిలిపోయి ఉండటం కొత్తేమీ కాదు. రెండు, ఎఫ్‌పీఐసీ ఆప్షన్ (లైబ్రరీ మెమరీలో ఏ చోటికైనా ఎక్కేలా కంపైల్ చేసేది) ఉండాలి. విండోస్‌లో దాని ఊసే ఉండదు కాబట్టి పాతాయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఇవి కాక, ఎప్పుడో కట్టిన సహాయక లైబ్రరీని ఏదైనా యథాతథంగా వాడుతుంటే, జీసీసీ (లినక్స్‌లో వాడే కంపైలర్) 5తో, అంటే 2015లో, స్ట్రింగ్ క్లాస్ లోపలి నిర్మాణం మారిందని గుర్తుంచుకోండి. పాతది, కొత్తది కలిపితే లింకు కుదరక 'అన్‌డిఫైన్డ్ సింబల్' అంటుంది.

ఇక యూజర్ సంగతి. మీరు మీ లాగిన్‌తో సర్వర్‌లోకి వెళ్లి ఎల్‌డీడీ కొడితే అన్నీ దొరికాయనే అనుకుందాం. అది మీకు దొరికినట్టు, సర్వీసుకి దొరికినట్టు కాదు. సర్వీసు నడిచేది వేరే యూజర్ కింద. ఆ యూజర్ ఎన్విరాన్‌మెంట్ కూడా, సర్వీసును స్టార్ట్ చేసిన క్షణంలో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. మీరు ఇవాళ ప్రొఫైల్ ఫైలులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ మార్చినా, పోయిన వారం మొదలైన ప్రాసెస్‌కి ఆ కబురు అందదు. అసలు ఆ ప్రాసెస్ దగ్గర ఏ విలువ ఉందో చూడాలంటే స్లాష్ ప్రాక్ కింద దాని నంబరు ఫోల్డర్‌లో ఎన్విరాన్ అనే ఫైలు ఉంటుంది. ఆ యూజర్‌గా గానీ రూట్‌గా గానీ చదవండి. అది మాత్రం అబద్ధం చెప్పదు.

శాశ్వతంగా పెట్టాలంటే ప్రొఫైల్ ఫైళ్లను నమ్ముకోకుండా అడ్మినిస్ట్రేటర్ టూల్‌లో ఇంటిగ్రేషన్ సర్వీసు ప్రాసెస్ దగ్గర ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని ఉన్న చోట రాసి, సర్వీసును రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్‌కి రాత్రి లోడ్ మొదలవక ముందే టైమ్ అడిగి పెట్టుకోండి, మధ్యలో కుదరదు. ఆ యూజర్‌కి ఫైలును చదివే పర్మిషన్, దాని పై ఫోల్డర్లన్నిటిలోకీ వెళ్లే (ఎగ్జిక్యూట్) పర్మిషన్ ఉన్నాయో లేదో కూడా చూడండి. లైబ్రరీ ఉన్న డిస్కును నోఎగ్జెక్ ఆప్షన్‌తో (అందులోని కోడ్ ఏదీ నడవకూడదని) మౌంట్ చేసి ఉంటే పర్మిషన్లు ఎంత బాగున్నా లోడ్ కాదు. సెక్యూరిటీ టీమ్ ఉన్న కంపెనీల్లో ఇది తరచూ తగులుతుంది.

లోడ్ అయ్యాక పండగ చేసుకోకండి. తప్పు లెక్కలు మొదలయ్యేది అప్పుడే.

ఇనిషియలైజేషన్ ప్రాపర్టీస్ అని ఒక ట్యాబ్ ఉంది, ఎవరూ తెరవరు. ప్రొసీజర్ మొదలయ్యేటప్పుడు దానికి అందే పేర్లు, విలువలు అక్కడుంటాయి. తరుగు రేట్ల పట్టిక ఉన్న ఫైలు దారి అక్కడే 'సీ డ్రైవ్' అని రాసి ఉంటే లినక్స్‌లో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫైలు దొరక్కపోతే కోడ్ ఏం చేస్తోందో చదవండి. గట్టిగా అరిచి ఆగిపోతే అదృష్టం. నోరు మూసుకుని తరుగు సున్నా అనుకుంటే, పొద్దున రిపోర్టు అందంగా వస్తుంది, తప్పుగా వస్తుంది.

ఆ పట్టిక బైనరీ ఫైలైతే ఇంకో గొడవ. సీ భాషలో లాంగ్ అనే టైపు 64 బిట్ విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు. విండోస్‌లో రాసిన పట్టికను లినక్స్‌లో అదే కోడ్‌తో చదివితే రెండు అంకెలు కలిసి ఒకటై కనిపిస్తాయి. కోడ్‌లో లాంగ్ అని ఉన్న ప్రతి చోటా ఆగి, 32 బిట్ అని స్పష్టంగా చెప్పే టైపు పెట్టండి. వైడ్ క్యారెక్టర్‌దీ ఇదే వరస: అక్కడ 2 బైట్లు, ఇక్కడ 4.

రైతు పేరో ఊరి పేరో తెలుగులో వస్తుంటే బఫర్ల (ఆ పేరు పట్టడానికి కోడ్ కేటాయించిన చోటు) సైజు చూడండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు ఒక్కొక్కదానికి 3 బైట్లు పడతాయి. 'గుంటూరు' కంటికి మూడు నాలుగు అక్షరాలే గానీ లోపల 7 గుర్తులు, 21 బైట్లు. 'విజయవాడ' కూడా సరిగ్గా 21. ఊరి పేరుకి 20 చాలులే అని ఎవరో బఫర్ పెట్టి ఉంటే మన రెండు ఊళ్లూ పొంగి పొర్లుతాయి.

పొంగితే ఏమవుతుందో తెలుసుగా. ఈ కోడ్ పవర్‌సెంటర్ పక్కన కూర్చుని నడవదు, సెషన్‌ను నడిపే డీటీఎమ్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది. మెమరీ పాడైతే ఆ ప్రాసెస్ మొత్తం కూలుతుంది. సర్వీసు నిలబడుతుంది గానీ సెషన్ పోతుంది, సెషన్ లాగ్ చివరి లైను ఎక్కడో మధ్యలో తెగిపోయి ఉంటుంది. లాగ్ అలా తెగిందంటే క్రాష్ అని అనుకుని కోర్ ఫైలు (కూలిన క్షణంలోని మెమరీ నకలు) వెతకండి.

నల్ విలువల (అంటే విలువే లేని గడుల) సంగతి కూడా చూడాలి. ప్రతి ఇన్‌పుట్‌కి విలువ ఒకటి, అది ఉందా లేదా అని చెప్పే ఇండికేటర్ ఒకటి వస్తాయి. బరువు రాని లాటుకి ఇండికేటర్ చూడకుండా విలువను వాడేస్తే ఏదో ఒక అంకె వస్తుంది. అవుట్‌పుట్‌కీ అంతే, ఇఫ్ ఎల్స్‌లో ఏ దారిన బయటికి వచ్చినా విలువనో నల్‌నో పెట్టే రావాలి. ఒక లాటు పాడైతే రో ఎర్రర్ అని తిప్పి పంపండి. ఫేటల్ ఎర్రర్ పంపితే ఆ ఒక్క లాటు కోసం సెషన్ మొత్తం ఆగిపోతుంది.

పార్టిషన్లు (డేటాను భాగాలు చేసి ఒకేసారి నడపడం) ఇప్పుడే పెట్టకండి. ఈజ్ పార్టిషనబుల్ గడిలో 'నో' ఉంచేయండి. పాత కోడ్‌లో గ్లోబల్ వేరియబుళ్లు, ఎస్‌టీఆర్‌టోక్, లోకల్‌టైమ్ లాంటివి ఉంటే రెండు థ్రెడ్లు ఒకే పళ్లెంలో తిన్నట్టు అవుతుంది. ఆ తప్పులు రోజూ రావు, రద్దీ ఉన్న రోజే వస్తాయి.

ఒక అనుభవం చెప్పి తీరాలి. హైదరాబాద్‌లో ఒక క్లయింటు దగ్గర లెక్కలో తప్పు సరిదిద్ది కొత్త లైబ్రరీ పెట్టాను. జవాబు మారలేదు. ఇంకోసారి సరిదిద్దాను, మారలేదు. రెండు రాత్రులు పోయాక తెలిసింది: రన్‌టైమ్ లొకేషన్ ఖాళీ, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో ముందున్న వేరే ఫోల్డర్‌లో అదే పేరుతో పాత ఫైలు ఉంది. నేను దిద్దుతున్న ఫైలును అసలు ఎవరూ లోడ్ చేయడం లేదు. అప్పటి నుంచి ఏ ప్రొసీజర్ రాసినా, మొదలయ్యే చోట దాని వెర్షన్, కంపైల్ చేసిన తేదీ సెషన్ లాగ్‌లో ఒక లైను రాయిస్తాను. మీరూ ఈసారి కంపైల్ చేసేటప్పుడు ఆ లైను కలపండి.

అక్కడే ఇంకో తప్పు కూడా చేశాను. సెషన్ నడుస్తుండగా పాత ఫైలు మీద సీపీ కమాండ్‌తో కొత్తది కాపీ చేశాను. సీపీ ఆ ఫైలునే ఖాళీ చేసి అందులో రాస్తుంది. నడుస్తున్న ప్రాసెస్ కాళ్ల కింద చాప లాగినట్టు వెంటనే క్రాష్ అయింది. కొత్త ఫైలును అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి, ఎమ్‌వీ కమాండ్‌తో అసలు పేరుకి మార్చాలి. నడుస్తున్నది పాతదాన్ని పట్టుకునే ఉంటుంది, తర్వాత మొదలయ్యేది కొత్తదాన్ని తీసుకుంటుంది.

పోర్టులు మార్చి డిజైనర్‌లో జనరేట్ కోడ్ మళ్లీ కొట్టే పని పడితే పాత ఫైళ్లు ముందు కాపీ తీసుకోండి. తరుగు లెక్కను వేరే ఫైలులో ఫంక్షన్‌గా ఉంచి, జనరేట్ అయిన ఫైలులోని ఎగ్జిక్యూట్ నుంచి దాన్ని పిలిచే నాలుగు లైన్లు మాత్రమే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. పవర్‌సెంటర్ లేకుండా విడిగా టెస్ట్ కూడా చేసుకోవచ్చు. డబ్బు లెక్క ఉంటే డబుల్ టైపులో కాకుండా పైసల్లో పూర్ణాంకంగా చేయండి.

ఇన్ని చెప్పాక ఒక మాట అడగాలి: ఈ లెక్కకి అసలు సీ ప్లస్ ప్లస్ ఎందుకు? తేమ, నిల్వ ఉన్న రోజులు, రకం బట్టి ఒక పట్టికలో రేటు చూసి బరువుతో గుణించడమే అయితే పవర్‌సెంటర్‌లోనే ఉన్న లుకప్ ఒకటి, ఎక్స్‌ప్రెషన్ ఒకటి చాలు. అంతకంటే చిక్కు లెక్కైతే పవర్‌సెంటర్ 8 నుంచి జావా ట్రాన్స్‌ఫర్మేషన్ ఉంది. దాని కోడ్ మ్యాపింగ్‌తోపాటే రిపాజిటరీలో ఉంటుంది కాబట్టి ఇలా లైబ్రరీ కోసం వెతుక్కునే పని ఉండదు. బయటి వెండర్ సోర్స్ ఇవ్వకుండా లైబ్రరీ మాత్రమే ఇచ్చినప్పుడు ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్ తప్పదు. మీ దగ్గర సోర్స్ ఉంది. అయితే సీజన్ మధ్యలో తిరగరాయమని నేను చెప్పను. ఇప్పటికి దీన్నే లేపి నిలబెట్టండి. మేలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చాక, పాత ప్రొసీజర్, కొత్త ఎక్స్‌ప్రెషన్ రెండిటికీ అవే లాట్లు ఇచ్చి జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడాలు తేలాక మార్చండి. తేడా వచ్చిన చోట కొత్తదే తప్పని అనుకోవద్దు, ఏళ్లుగా పాతదే తప్పు లెక్క వేస్తూ ఉండొచ్చు.

ఇవాళ మాత్రం రెడ్‌హ్యాట్ మీద కంపైల్ చేసి, సర్వీసు యూజర్‌గా ఎల్‌డీడీ కొట్టండి. అది ఇచ్చిన జవాబు, సెషన్ లాగ్‌లో లోడ్ ఫెయిలైన లైనుకి ముందువి పది లైన్లు, ఎన్విరాన్ ఫైలులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ విలువ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. సర్వర్ పేర్లు, పాస్‌వర్డులు ఏమైనా కనిపిస్తే తీసేయండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను.